రెండు సెంట్ల లెక్క

అధ్యక్షుడు నడుస్తూ ఉత్తరాలు చెప్పేవాడు,
కిటికీ దాకా ఒక పేరా, తిరిగి బల్ల దాకా ఇంకొకటి.
మోకాలి మీద నోటుబుక్కుతో
ఆ గొంతు వెనకాలే పరిగెత్తేవాణ్ణి
చుక్కల్లో, కొక్కేల్లో, పొట్టి గీతల్లో.
నా పేరు ఎఫ్రయిమ్ డోలన్.
ఆయన నోట మాత్రం నా పేరు "రాసుకో."

ఆ ఫిబ్రవరిలో పొటోమాక్ మీద మంచుపలకలు
ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.
పార్టీ మహాసభ నాలుగు నెలల్లోకొచ్చింది.
వచ్చే ప్రతి ఉత్తరంలోనూ ఎవరో ఒకరి బావమరిది.
సెనేటరు కార్బిన్ గారి బావమరిదికి
హార్లన్స్ ఫెర్రీ పోస్టాఫీసు కావాలి.
నది మలుపులో మూడు వందల గడప.
అక్కడ పోస్టుమాస్టరు ల్యూసిండా ప్రాక్టర్, నల్లజాతి మనిషి.
పదకొండేళ్లలో ఒక్క మనియార్డరు దారి తప్పలేదు.
ఆమె చేతిమీదుగా ఉత్తరాలందుకోవడం నామోషీ అని
ఊరివాళ్లు ఫిర్యాదు రాశారు.
రాసి, ఆమె చేతికే ఇచ్చి పోస్టు చేశారు.

సెనేటరుకి జవాబు ముందు చెప్పాడు.
పాము చావకూడదు, కర్ర విరగకూడదు,
పైగా పాము ఓటు వెయ్యాలి.
తర్వాత ఆమెకు.
"మీ సేవలు శ్లాఘనీయం" అని కిటికీ దగ్గర ఆగాడు.
బయట తోటమాలి
బండిచక్రానికి పట్టిన మంచుని పారతో కొడుతున్నాడు.
"ఇది తప్పని నాకు తెలుసు."
అద్దంతో అన్నట్టు అన్నాడు.
రాసుకున్నాను.
ఒక కొక్కెం, ఒక చుక్క, కిందికి వంగిన ఒక గీత.
అంతకంటే చోటు పట్టలేదు.
"ఆ వాక్యం కొట్టెయ్."
కొట్టేశాను.
"పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా"
అక్కణ్ణుంచి నల్లేరు మీద బండి.

మిస్ హేజ్ టైపు కొట్టింది, ఆయన సంతకం పెట్టాడు.
తడిపిన పల్చటి కాగితం మీద పరిచి ఇనప మర బిగించాను.
సిరా కొంత కాపీ పుస్తకంలో మిగిలింది, నాలుగు వందల పన్నెండో పేజీ.
వెలుగుకి పట్టుకుని వెనకనుంచి చదవాలి దాన్ని.

మూడో వారంలో ఆమె జవాబు వచ్చింది.

"మీ ఉత్తరం పంతొమ్మిదిన ఉదయం బండికి చేరింది.
నిబంధన ప్రకారం వెనక తేదీముద్ర వేశాను.
వరుసలో నలుగురున్నారు. వాళ్లవి ఇచ్చాక
నాది నేను తీసుకున్నాను.
తాళాలు మూడు.
సంచులు ఆరు, ఒకటి ఎలుక కొరికింది.
తక్కెడ పావు ఔన్సు ఎక్కువ చూపిస్తుంది,
ఎన్నిసార్లు రాసినా ఎవరూ రాలేదు,
నేను తగ్గించే లెక్కగడుతున్నాను.
రెండు సెంట్ల స్టాంపులు నూట ముప్పై ఏడు.
ఒకటి దీనికి అంటించాను.
ఇది నా సొంత ఉత్తరం గనక
ఆ రెండు సెంట్లు పెట్టెలో వేశాను.
మిసెస్ ఆల్‌గుడ్‌కి కొడుకు దగ్గర్నుంచి ఉత్తరమొస్తే
చదివి వినిపించమని కొత్తాయనకి చెప్పండి.
ఆమెకి చదువు రాదు. అడగడానికి సిగ్గు."

ఎందుకో ఫిర్యాదు తీసి చూశాను.
కింద సంతకాలు, సంతకాల మధ్య ఇంటూ గుర్తులు.
ఏడో ఇంటూ పక్కన
వేరెవరి చేతిరాతతోనో: ఆల్‌గుడ్.

ఆయన రెండుసార్లు చదివాడు.
"జవాబు పంపాలాండీ?"
కిటికీ దాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు.
"రాసుకో" అన్నాడు.
పెన్సిలు పట్టుకుని కూచున్నాను.
గడియారం పావుగంట కొట్టింది.
పేరు పిలిచాడో, పని చెప్పాడో
ఇప్పటికీ తెలీదు.

మొన్న విశ్వవిద్యాలయం నుంచి ఒక కుర్రాడొచ్చి
కాపీ పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్దుకుపోయాడు.
నోటుబుక్కు తిరగేసి, ఇదేమిటని
ఆ కొక్కెం మీద వేలు పెట్టాడు.
"కొట్టేసింది" అన్నాను.
మర్యాదస్తుడు, మళ్లీ అడగలేదు.

మా వీధి పోస్టాఫీసు తక్కెడ కూడా
పావు ఔన్సు ఎక్కువే చూపిస్తుంది.
నాకు తెలుసు.
అడిగినంత ఇచ్చి
టోపీ పెట్టుకుని వచ్చేస్తాను.